ఈమెయిలుకు నేను రాసిన దానపత్రం

నా మీద కొన్ని ఇంగ్లీషు కాయితాల బరువుంది. చాలా ఏళ్ళుగా ఉంది. ఆ కాయితాలు ఇప్పుడు ఈ లోకంలో లేవు. వాటిలో మిరపకాయ బజ్జీలు చుట్టి ఎప్పుడో అమ్మేశారు. అయినా బరువు మాత్రం దిగలేదు. ఎందుకు దిగలేదా అని చాలాసార్లు అనుకున్నాను. చెప్పుకోలేదు కాబట్టి దిగలేదు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. చెబితే అనకాపల్లిలో సగం మంది గుర్తుపట్టి మిగతా సగం మందికి చెప్పేస్తారు. ఇంతవరకు మాత్రం చెబుతాను. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాయడం నా వృత్తి. చుట్టుపక్కల ఊళ్ళలో చెరుకు పొలం చేతులు మారినా, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నా ఆ కాయితాల మీద చాలావరకు నా చేతిరాతే ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాస్తానని నాకు పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నేను గొంతు సవరించుకుని కళ్ళజోడు తుడుచుకుంటాను.

నేను మోసం చేసింది మా బావని. మా అక్క మొగుడు, నూకరాజు బావ. అతన్ని మోసం చెయ్యడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు. మనం చెప్పింది నమ్మేస్తాడు. నమ్మని మనిషిని మోసం చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. అలా అనుకోవడం కూడా తప్పేనా? తప్పే. సరే, చెబుతాను.

బావకి అప్పట్లో కేబుల్ టీవీ వ్యాపారం ఉండేది. ఊళ్ళోకి ఇంటర్నెట్ కొత్తగా వస్తున్న రోజులు. టెలిఫోను తీగలోంచే వచ్చేది. కనెక్షన్ కలిసేముందు కంప్యూటరు పక్కనుండే మోడెం పెట్టె కాసేపు గొంతు పట్టేసినట్టు కీచుమని అరిచేది. విశాఖపట్నంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ ఉంటే, బావ దాని తరఫున అనకాపల్లిలో కనెక్షన్లు ఇచ్చే పని తీసుకున్నాడు. కనెక్షన్ తీసుకున్న వాళ్ళకి ఒక సీడీ ఇచ్చేవారు. ఈమెయిళ్ళు రాసుకోడానికి, వచ్చినవి చదువుకోడానికి అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్ని తయారుచేసింది ఎక్కడో విదేశం వాళ్ళు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు తమ ఖాతాదారులకి దాన్ని ఊరికే పంచుకోవచ్చునని వాళ్ళు ఒప్పుకున్నారు. ఊరికే అంటే ఊరికే. కాకపోతే షరతులున్నాయి. ఆ షరతులు ఇంగ్లీషులో ఒక కట్ట ఉన్నాయి. వాటిని ఖాతాదారుడికి అర్థమయ్యేలా తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాకే సీడీ ఇవ్వాలని విశాఖ కంపెనీ వాళ్ళు బావకి గట్టిగా చెప్పారు.

బావ ఆ కట్ట స్కూటరు వెనక కేరేజీకి పెట్టుకుని విశాఖ నుంచి తిన్నగా నా షెడ్డుకొచ్చాడు. ఇంట్లో రాసేవాడుండగా బయటివాళ్ళ దగ్గరకి ఎందుకెళ్ళాలన్నాడు. పైగా నాకు ఇంగ్లీషు వచ్చు కదా అన్నాడు.

ఇక్కడ ఆగాలి నేను. నాకు ఇంగ్లీషు రాదు. వచ్చని అందరూ అనుకుంటారు. అక్క పెళ్ళిలో మగపెళ్ళివారి ముందు ఇంగ్లీషు పేపరు తెరిచి పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు ఇంగ్లీషు వచ్చు. మందుల సీసా మీద ఏముందో నన్నే అడుగుతారు. భోజనం తరవాత రెండు పూటలా అని చెబుతాను. ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ.

ఆ రోజు నాకు రాదు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఎందుకనలేదు? ఊళ్ళో ఇంగ్లీషు చదివేవాళ్ళకేం కరువు? ఎవరి దగ్గరకైనా తీసుకెళ్ళి చెప్పించుకోవచ్చు. అలా చేస్తే నాకు రాదని తెలిసిపోతుంది. నా పరువు నాకు అంత ముద్దొచ్చింది. ఇదెంత బావా, సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాను.

కట్ట ముందేసుకుని కూర్చున్నాను. పేజీలు తిరగేశాను. నాకు తెలిసిన మాట అందులో ఒకటే కనబడింది, ఫ్రీ అని. నా వృత్తిలో అన్ని కాయితాలూ నాలుగైదు రకాల్లో సర్దుకుపోతాయి. డబ్బు పుచ్చుకుని ఇస్తే విక్రయం. తాకట్టు పెడితే తనఖా. పంచుకుంటే పంపకం. పుచ్చుకోకుండా ఇస్తే దానం. వీళ్ళేమో ఊరికే ఇస్తున్నారు. ఇక ఆలోచించడానికేముంది? దానపత్రం నాకు కంఠతా వచ్చు.

రాసేశాను. ఎంత బాగా రాశానో చెబితే మీరు నన్ను ఇంకా తిడతారు. 'మీ యందు గల ప్రేమాభిమానముల చేత ఈ దిగువ షెడ్యూలు నందు వివరించిన ఈమెయిలు సాఫ్ట్‌వేరును మీకు దానముగా ఇచ్చి నేడే మీ స్వాధీనపరచడమైనది. ఇది మొదలు మీరును, మీ తదనంతరము మీ వారసులును దాన విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవలసినది. ఇందుపై ఎవరి వలన ఎట్టి తగాదాలు వచ్చినను మా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలము.' కింద బావ సంతకానికి, పుచ్చుకునేవాళ్ళ సంతకానికి చోటు. ఇద్దరు సాక్షులకి చోటు.

షెడ్యూలు దగ్గర కాస్త చిక్కొచ్చింది. హద్దులు లేకుండా దానపత్రం ఉండదు. సాఫ్ట్‌వేరుకి హద్దులెక్కడివి? కంప్యూటరు ఎక్కడుంటే అక్కడే ఇదీ ఉంటుంది కదా అని, ప్రతి ఖాతాదారుడి ఇంట్లో దాని చోటు కనుక్కుని రాయడం మొదలుపెట్టాను. తూర్పు: గోడ గడియారం. దక్షిణం: బియ్యం డబ్బా. పడమర: నడవ. ఉత్తరం: ఉమ్మడి గోడ. ఇంత పని చేశాక ఆ ఇంగ్లీషు కట్టతో నాకేం పని? మా షెడ్డులో చిత్తు కాయితాలన్నీ వీధి చివర బజ్జీల బండికి వెళ్తాయి. అదీ వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు ఆ సీడీని ఊరికే ఇస్తామంటే ఎవరూ ముట్టుకోలేదు. బెల్లం మార్కెట్లో పుట్టి పెరిగిన మనుషులు. చేతిలో ఒక ముక్క ఊరికే పెట్టారంటే ఆ వెనకాల దిమ్మలు కొనిపించడానికేనని వాళ్ళకి తెలుసు. దానపత్రం చూశాక వాళ్ళ అనుమానాలన్నీ పోయాయి. సొంత ఇంట్లోని బియ్యం డబ్బా హద్దుగా ఉన్న కాయితాన్ని ఎవరు నమ్మరు? సాక్షుల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. తమలపాకులు, అరటిపళ్ళు పట్టుకొచ్చేవారు. తుమ్మపాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాయితం రెండుసార్లు చదివించుకుని, అంతా బాగుంది గానీ దీనికి పట్టాదారు పాసుపుస్తకం ఎప్పుడిస్తారని అడిగాడు. దాఖలైన తరవాత అన్నాను. ఎక్కడ దాఖలవుతుందో నాకూ తెలియదు.

బావ కనెక్షన్లు పెరిగాయి. మొదటి సంతకం పడిన రోజు బావ సంబరపడిపోయి నన్ను బజ్జీల బండికి తీసుకెళ్ళాడు. వేడి బజ్జీలు చేతికొచ్చాక చూశాను. నూనె పీల్చుకుంటున్న ఆ కాయితం మీద ఇంగ్లీషు అక్షరాలు. ఫ్రీ అనే మాట కూడా కనబడింది. బావ తినేసి దాంతో చేతులు తుడుచుకుని పారేశాడు. అప్పుడు నాకు నవ్వే వచ్చింది. అది మీకు చెప్పకుండా ఉండలేను.

గొడవ మునగపాక నుంచి వచ్చింది. అక్కడ ఒక చెరుకు రైతు మా దగ్గర కనెక్షన్ తీసుకున్నాడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ పెళ్ళయినవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ కొడుకులు వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని పొలం, బావి, కల్లం, బెల్లం పెనం అన్నీ పంచారు. అప్పుడు బీరువాలో నా దానపత్రం బయటపడింది. పుత్రపౌత్ర పారంపర్యం అని స్పష్టంగా రాసి ఉంది. రాసి ఉన్న ఆస్తిని పంచకుండా ఎలా వదిలేస్తారు? కంప్యూటరు ముక్కలు చెయ్యడానికి కుదరదు. కాలవ నీళ్ళకి వంతులు వేసిన అనుభవం ఆ పెద్దమనుషులకి ఉంది. బాగా ఆలోచించి తీర్పు చెప్పారు. వచ్చే ఉత్తరాలు పెద్దవాడికి, వెళ్ళే ఉత్తరాలు చిన్నవాడికి.

ఇద్దరూ ఒప్పుకున్నారు. పొద్దున్న పెద్దవాడు కూర్చుని వచ్చినవి చదువుకునేవాడు. మధ్యాహ్నం చిన్నవాడు కూర్చుని వెళ్ళాల్సినవి రాసేవాడు. ఒకరి భాగంలోకి ఒకరు చూసేవారు కాదు, అంత మర్యాదస్తులు. చిన్నవాడు ఒడిశా వ్యాపారికి, మా బెల్లం తయారుగా ఉంది, ధర చెప్పండి అని రాసేవాడు. వ్యాపారి చెప్పిన ధర పెద్దవాడు చదివి, తన ఆస్తి కాబట్టి తన దగ్గరే ఉంచుకునేవాడు. సరుకు ఎప్పుడు పంపుతారని వ్యాపారి అడిగితే, జవాబు రాసే హక్కు పెద్దవాడికి లేదు. మూడో ఉత్తరంలో చిన్నవాడు ఆ వ్యాపారిని తిట్టాడట, ఎన్నిసార్లు అడిగినా పలకవేమని. ఆ వ్యాపారి ఏమని జవాబిచ్చాడో పెద్దవాడికే తెలియాలి.

విసుగొచ్చి చిన్నవాడు తన భాగం అమ్మేశాడు. నాతవరంలో ఎరువుల కొట్టు నడిపే ఆయన కొన్నాడు. ఆ విక్రయ దస్తావేజు రాయించడానికి ఇద్దరూ ఎవరి దగ్గరకొచ్చారో మీకీపాటికి తెలిసే ఉంటుంది. రాయనని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. రాశాను. వెళ్ళే ఉత్తరాల సర్వహక్కులూ నాతవరం ఆయనకి దఖలు పరిచాను. ఆయన ఉత్తరం పంపాలన్నప్పుడల్లా మునగపాక వచ్చి, పెద్దవాడి వీధి గుమ్మంలోంచి కంప్యూటరు దాకా వెళ్ళి రావడానికి దారి హక్కు కూడా పెట్టాను. పని విషయంలో నేను లోటు చెయ్యను.

నాతవరం ఆయనకి ఉత్తరానికో బస్సు ప్రయాణం కష్టమనిపించింది. దస్తావేజులు రెండూ పట్టుకుని విశాఖ కంపెనీకే వెళ్ళి, నేను కొన్న భాగం నా కొట్టుకి మార్చండి అని అడిగాడు.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. లైసెన్సుల పని చూసే ఆవిడ. బావ ఆఫీసులో కూర్చుని నా దానపత్రం మొదటి నుంచి చివరి దాకా చదివింది. బియ్యం డబ్బా దగ్గరకొచ్చేసరికి రుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత సంచీలోంచి ఇంగ్లీషు షరతులు తీసి ఒక్కొక్కటీ తెలుగులో చెప్పింది. సాఫ్ట్‌వేరు ఎప్పటికీ తయారుచేసినవాళ్ళదే. మనకి వాడుకునే అనుమతి మాత్రమే. దాన్ని అమ్మకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు. వాళ్ళు రాసిన షరతుల్లో ఒక్క మాట మార్చకూడదు. వాళ్ళు కావాలంటే అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నేను రాసినదాంట్లో ఒక్క ముక్కా వీటితో కలవలేదు. ఒక్కటి కూడా కలవకుండా రాయడం తెలిసి చేసినా కష్టం. కంపెనీ తరఫున పనిచేసే ఎవరు ఈ షరతులు తప్పినా మొత్తం కంపెనీకే అనుమతి పోతుందని కూడా ఆవిడ చెప్పింది. అప్పటికి ఆవిడ నవ్వడం మానేసింది.

ఆ తరవాత జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"మేమిచ్చిన షరతులు పూర్తిగా చదివారా?" అని ఆవిడ బావని అడిగింది.

"మా బావమరిది సదివేడండి. ఈడికి ఇంగ్లీషు బాగా వచ్చు" అన్నాడు బావ, నా భుజం మీద చెయ్యేసి.

ఆవిడ నావైపు తిరిగింది. "మరి అమ్మకూడదని, మార్చకూడదని ఉన్న పేజీలు?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ పేజీలు నాకు రాలేదండి" అన్నాను.

"రాలేదా? కట్టంతా ఇచ్చేను కదరా" అన్నాడు బావ.

"పైన రెండు కాయితాలే ఉన్నాయి బావా. అంతేననుకున్నాను."

బావ ఆ రోజు వచ్చిన దారంతా గుర్తు తెచ్చుకోబోయాడు. "కేరేజీకి పెట్టేనండి. ఆ రోజు వచ్చే దారిలో లంకెలపాలెం దగ్గర గాలేసింది. పడిపోనాయేటో" అన్నాడు. ఆవిడకి దణ్ణం పెట్టాడు. "తప్పు నాదేనండి. ఈడేటి సేత్తాడు."

నేను తాడు కోసం వెతుకుతుంటే బావ తానే తెచ్చి నా చేతికిచ్చి, తన మెడే చూపించాడు. నేనేమన్నా అన్నానా? గాలి గట్టిగానే వేసింది ఆ రోజు అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను.

కంపెనీ తన అనుమతి కాపాడుకోవాలి కదా. బావకిచ్చిన పని తీసేసుకుంది. నేను రాసిన దానపత్రాలన్నీ వెనక్కి తీసుకుని, సీడీలు తిరిగి తీసుకురమ్మంది. ఇంటింటికీ వెళ్ళి ఆ మాట చెప్పే పని బావ మీదే పడింది. దానం ఇచ్చింది వెనక్కి అడిగే మనిషిని ఊళ్ళో ఎలా చూస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. తుమ్మపాల పెద్దాయన ఇవ్వనన్నాడు, హద్దులతో సహా తనకి చెందిందన్నాడు. మునగపాక అన్నదమ్ములిద్దరూ ఒకే ట్రాక్టరు మీద వచ్చి బావతో పోట్లాడారు. తగాదాలొస్తే స్వంత ఖర్చులతో పరిష్కరిస్తానని సంతకం పెట్టావు కదా అని అడిగారు. బావ పెట్టుకున్నాడు ఆ ఖర్చు. నాతవరం ఆయనకి కూడా బావే సర్దిచెప్పాడు. ఒకటి మాత్రం నిజం. వేరుపడ్డాక ఆ అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఆ రోజే మొదలైందట. మా బావని తిట్టే విషయంలో ఇద్దరికీ బాగా కుదిరింది. నాకు దొరికిన ఓదార్పు అదొక్కటే, అది కూడా బావ తిట్లు తిని సంపాదించిపెట్టిందే.

ఇంత జరిగినా నేను చేసిన అసలు తప్పు ఇది కాదు. అసలు తప్పు ఆ మేడమ్ వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న జరిగింది.

బావ స్కూటరేసుకుని షెడ్డుకొచ్చాడు. లంకెలపాలెం వెళ్ళి వెతుకుదాం రా అన్నాడు. ఆ కాయితాలు దొరికితే కంపెనీ వాళ్ళకి చూపించి, చూడండి, నేను దాచలేదు, పడిపోయాయి అని చెప్పొచ్చని అతని ఆశ. అప్పటికి వేసవి పోయి, వానలు పోయి, చలి మొదలైంది. ఎప్పుడో ఎండాకాలంలో పడ్డాయనుకున్న కాయితాలు. రాను అనలేకపోయాను. వెనకాల ఎక్కి కూర్చున్నాను.

హైవే పక్కన స్కూటరు ఆపి బావ కాలవలోకి దిగాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. తుప్పలు తప్పించి చూశాడు. కిళ్ళీకొట్టు వాళ్ళని అడిగాడు. టీ దుకాణంలో అడిగాడు. ఇంగ్లీషు కాయితాలండి, గాలికి పడిపోయాయండి అని ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పాడు. ఎప్పుడు పడ్డాయని టీ దుకాణం ఆవిడ అడిగితే, పోయిన ఎండాకాలమండి అన్నాడు. ఆవిడ నావైపు జాలిగా చూసింది. నేనూ వెతికాను. ఒక కర్ర సంపాదించి తుప్పల్లో కదిపాను. బావ చూస్తున్నప్పుడు ఇంకాస్త గట్టిగా కదిపాను. ఒకచోట తెల్లగా ఏదో కనబడితే బావ పరిగెత్తాడు. అది సిమెంటు బస్తా ముక్క. అతను దాన్ని తిరగేసి కూడా చూశాడు.

అక్కడ చెప్పి ఉండాల్సింది. కాలవ గట్టు మీద, కర్ర చేతిలో పట్టుకుని చెప్పేసి ఉంటే ఆ పూటకి అయిపోయేది. కొట్టేవాడేమో. కొడితే కొట్టేవాడు. తిరిగొచ్చే దారిలో బావే నన్ను ఓదార్చాడు. బాధపడకురా, నీ తప్పేం లేదన్నాడు. ఆ మాట విన్నాక ఇక చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. బాగానే తిన్నాను.

ఆ రోజు నుంచి బావ మారిపోయాడు. పెద్ద మార్పేం కాదు, చూసేవాళ్ళకి నవ్వొచ్చే మార్పు. కాయితం అన్నది కేరేజీకి పెట్టడు. కరెంటు బిల్లయినా, పెళ్ళి కార్డయినా ప్లాస్టిక్ కవరులో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, చొక్కా లోపల బనీనుకి ఆనించి పెట్టుకుని బండి నడుపుతాడు. దిగగానే తీసి లెక్కపెడతాడు. ఒక్కటే కాయితం ఉన్నా లెక్కపెడతాడు. ఇంటి కాయితాలన్నీ అక్క చేతికిచ్చేశాడు. నా చేతిలో నిలవవు అంటాడు. ఏ శుభకార్యంలోనైనా పదిమంది చేరితే తనమీద తనే ఈ కథ చెప్పుకుని అందరినీ నవ్విస్తాడు. బావమరిది బంగారంలా రాశాడు, నేనే కాయితాలు పారేసుకున్నాను అని ముగిస్తాడు. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వుతాను. నాకు ఒక లడ్డూ ఎక్కువ వేయిస్తాడు.

ఒక మనిషి తను అజాగ్రత్త మనిషినని ఇన్నేళ్ళు నమ్మి బతికాడు. నా పరువు కోసం. నాకు రాని ఇంగ్లీషు కోసం. వ్యాపారం పోయినందుకు కాదు నా బాధ, కేబుల్ మీద బానే బతికాడు. తన చేతుల మీద తనకి నమ్మకం పోయింది కదా, దాన్ని ఎవరు తెచ్చిస్తారు? ఏ దస్తావేజులో రాసి దఖలు పరచను?

మొన్న బావ షెడ్డుకొచ్చాడు. చొక్కాలోంచి కవరు తీశాడు, అందులో ఇంటిపన్ను కాయితాలున్నాయి. లెక్కపెట్టుకుని పక్కన పెట్టాడు. తరవాత కొత్త ఫోను నా చేతికిచ్చాడు. డబ్బులు పంపుకునే యాప్ ఏదో కూతురు వేసి ఇచ్చిందట. షరతులకి ఒప్పుకుంటున్నాను అన్న బొత్తాం దగ్గర బావ ఆగిపోయాడు. అందరూ చదవకుండా నొక్కేస్తారని, తను మాత్రం చదవకుండా నొక్కనని చెప్పాడు. పూర్తిగా చదివి చెప్పమన్నాడు.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. వేలితో పైకి జరుపుతూ పెదాలు కదిపాను. మంచివే బావా, నొక్కు అనబోయాను. ఇన్నేళ్ళుగా అలాగే అంటున్నాను. బావ నా భుజం మీదుగా ఫోనులోకి వంగి చూస్తూ, ఆదుర్దాగా అడిగాడు.

"పేజీలన్నీ ఉన్నాయేట్రా? మధ్యలో ఏదీ పడిపోనేదు కదా?"

ఫోనులోంచి పేజీ ఎక్కడికి పడుతుంది? నాకు నవ్వు రావాలి. రాలేదు. కళ్ళజోడు తీసేశాను.

చెప్పేశాను. ఇంగ్లీషు రాదన్న దగ్గర మొదలుపెట్టి, కట్ట మొత్తం నాకు అందిందని, ఒక్క కాయితం కూడా ఎక్కడా పడలేదని చెప్పాను. బావ అంతా విన్నాడు. అయ్యాక అడిగాడు, "మరా కాయితాలేటయ్యేయి?" బజ్జీల బండికిచ్చేశానన్నాను. "మనం తిన్నామేటి వాట్లో?" అన్నాడు. తిన్నామన్నాను.

నవ్వుతాడేమో అనుకున్నాను. ఈ కథకి అందరూ నవ్వుతారు కదా. నవ్వలేదు. ఎండలో ఉన్న స్కూటరు వైపు చూస్తూ ఉన్నాడు.

"మరి లంకెలపాలెం ఎందుకొచ్చేవురా నాతోటి?" అన్నాడు.

దాని జవాబు ఇప్పుడు మీకు రాస్తూ కూడా వెతుకుతున్నాను. లేదు.

బావ ఫోను నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు. "నువ్వు సదవకు. అమ్మాయి సదువుతాదిలే" అన్నాడు. గట్టిగా అనలేదు. మామూలుగానే అన్నాడు. రెండు రోజులైంది, అక్క ఫోను చెయ్యలేదు. చేస్తుందేమో, చెయ్యదేమో. నా మీద కోపం ఉండాలి, ఉండటమే న్యాయం. అయినా ఈ రెండు రోజులూ నేను గొంతు సవరించుకోకుండానే మాట్లాడుతున్నాను.

ఆ రోజు వెళ్ళేముందు బావ ఇంటిపన్ను కాయితాలు తీసుకున్నాడు. కవరు బల్ల మీదే ఉండిపోయింది. రబ్బరు బ్యాండు కూడా. కాయితాల్ని ఉత్తినే స్కూటరు కేరేజీకి పెట్టి బండి స్టార్టు చేశాడు. గాలికి వాటి అంచులు రెపరెపలాడుతున్నాయి. పడిపోతాయి బావా అని అరవబోయి ఆగిపోయాను. అతను వెనక్కి తిరిగి చూసుకోకుండా వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేదాకా చూశాను. ఒక్కటీ పడలేదు.